బల్బు లేని తుపాకి

నలభై ఏళ్ళు కావలిలో టీవీలు బాగుచేశాను. ఇప్పుడు షాపు లేదు. చేతులు కాస్త వణుకుతున్నాయి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే చాలు, మా ఇంటావిడ పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలెవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను. బాగుచేసిన సెట్ల సంగతి మొదలుపెడితే అన్నీ గొప్పలే వస్తాయి. అందుకని నేను చెయ్యి పెట్టకుండానే బాగైన ఒక వస్తువు గురించి చెబుతాను.

ముందు మా రోజుల పని మీకు కొంచెం తెలియాలి. సముద్రం పక్క ఊళ్ళలో టీవీ చెడిందంటే సగం తప్పు ఉప్పుగాలిదే. జువ్వలదిన్నె నుంచి వచ్చిన సెట్టు మూత తీస్తే లోపలంతా పచ్చగా చిలుం పట్టి ఉండేది. బ్రష్షుతో శుభ్రం చేసి, ఎండలో ఆరబెట్టి, తెగిన చోట అతికితే చాలా సెట్లు లేచి కూర్చునేవి. జనం మేమేదో మంత్రం వేశామనుకునేవారు. మేమూ కాదనేవాళ్ళం కాదు.

నాకు పని నేర్పిన మేస్త్రి రేడియోల కాలం మనిషి. సెట్టుకు చెవి ఆనించి రోగం చెప్పేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా నాకు అన్నం పెట్టింది, ఒక్కటి తప్ప. "కస్టమరు ముందర తెలీదు అనే మాట అనబాకరా. తెలీదన్నావంటే ఆ సెట్టు రేపు పక్క షాపులో ఉంటది. ఏదో ఒక పార్టు పేరు చెప్పు. పేరు వింటే వాళ్ళ మనసు నిమ్మళిస్తది," అనేవాడు. ఆ ఒక్క మాటను నేను అన్నిటికంటే శ్రద్ధగా పాటించాను.

ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళు టేప్‌రికార్డర్లతో పాటు వీడియో గేమ్ పెట్టెలు కూడా తెచ్చేవారు. ఇప్పటి ఫోనుల్లో ఆడే ఆటలు కావవి. ఒక ప్లాస్టిక్ పెట్టె, దానికి వైర్లతో రెండు రిమోట్లు, పైన క్యాసెట్టు గుచ్చడానికి ఒక సందు. ఆట రాకపోతే క్యాసెట్టు తీసి నోటితో ఉఫ్‌మని ఊది మళ్ళీ గుచ్చేవారు. ఊదితే లోపల తడి చేరి ఇంకా పాడవుతుందని మాకూ తెలీదు, మేమే ఊదేవాళ్ళం. కొన్ని పెట్టెలతో ఒక తుపాకి కూడా వచ్చేది. టీవీలో బాతులు ఎగురుతుంటే దూరంగా నిలబడి గురిపెట్టి ట్రిగ్గరు నొక్కాలి. తగిలితే బాతు కింద పడుతుంది. టీవీకీ తుపాకికీ మధ్య ఏ వైరూ లేకుండా ఈ తుపాకి బాతును ఎలా కొడుతోందని పెద్దవాళ్ళు కూడా అడిగేవారు. "లోపల బల్బు ఉంటుంది, వెలుతురు పోయి తగులుతుంది" అని చెప్పేవాణ్ణి. నన్ను ఎవరూ ఎదురు ప్రశ్న అడగలేదు.

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున్నే నలభై దాటిన మనిషి ఒకతను మా ఇంటికొచ్చాడు. జువ్వలదిన్నె హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మెషిన్లు చూసుకుంటాడట. వాళ్ళ నాన్న కువైట్‌లో పనిచేసేవాడని చెప్పాక, ఆ ఇంటి టీవీని నేను చాలాసార్లు చూశానని అర్థమైంది.

"భాయ్, మీ కాడ పాత డబ్బా టీవీ ఉండాదా? వెనకాల లావుగా ఉంటది చూడండి, పిక్చర్ ట్యూబుది," అన్నాడు.

"ఇప్పుడది ఎందుకయ్యా? పాతసామాన్ల వాడు కూడా మొహం తిప్పుకుంటుండాడే."

"నేను పాత వీడియో గేములు పోగేస్తుండా భాయ్. కొత్త టీవీలో పెడితే తుపాకి ఆట ఆడదంట. మా నాన్న తెచ్చిన పెట్టె ఇంకా ఉండాది. ఆ తుపాకి ఎట్టాగూ పోయిందే అనుకోండి. మా చెల్లి మంచం మీద నుంచి కింద పడేసింది. మీరే వచ్చి చూసి బల్బు పోయిందన్నారు. గుర్తుందా?"

నాకేమీ గుర్తులేదు. రోజుకు నాలుగిళ్ళు తిరిగిన మనిషిని, ముప్పై ఏళ్ళ కిందటి ఒక తుపాకి ఎక్కడ గుర్తుంటుంది? "ఎందుకు గుర్తుండదూ" అన్నాను. మేస్త్రి పోయినా ఆయన అలవాటు నన్ను వదల్లేదు.

మా అటక మీద చిన్న టీవీ ఒకటి ఉంది. దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని జువ్వలదిన్నె వెళ్ళాం. అతని గదిలో అడుగుపెట్టగానే నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. గోడ పొడుగునా అరలు, వాటినిండా వీడియో గేమ్ పెట్టెలు. తెల్లగా ఉండాల్సినవి పసుపు రంగుకు తిరిగాయి. ఒక్కో పెట్టెకూ విడిగా ప్లాస్టిక్ కవరు, ఉప్పుగాలి తగలకుండా లోపల చెమ్మ పీల్చే పొట్లాలు, కిటికీలకు రబ్బరు పట్టీలు. మద్రాసు పాతబజార్ల నుంచి కొన్ని, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళ అటకల మీద నుంచి కొన్ని ఏరి తెచ్చాడు. మేము జీవితమంతా ఉప్పుతో ఓడిపోతూ బతికాం. ఈ మనిషి దాన్ని గది బయట నిలబెట్టాడు. నాకు ఆ అరలను చూసి ఒక రకమైన భక్తి కలిగింది, దాచుకోవడమెందుకు.

"ఇవన్నీ ఆడతావా?" అన్నాను.

"అన్నీ ఆడను భాయ్. పెట్టి, పలుకుతుండాయో లేదో చూస్తా. ఆ మ్యూజిక్ వస్తే చాలు, మా నాన్న సెలవులో ఇంట్లో ఉన్నట్టు ఉంటది."

వాళ్ళ నాన్న తెచ్చిన పెట్టె అన్నిటికంటే పై అరలో ఉంది. పక్కనే తుపాకి, బూడిద రంగుది. నా టీవీకి పెట్టె తగిలించాం. చానల్ తిప్పుతూ పోతే గరగరల మధ్య నుంచి బాతుల ఆట వచ్చింది. తుపాకి గొట్టం చివర ఉన్న గాజు మీద దుమ్ము ఉంటే నా చొక్కా అంచుతో తుడిచి అతనికిచ్చాను. అతను నవ్వుతూ, ఊరికే, గురి కూడా సరిగా చూడకుండా ట్రిగ్గరు నొక్కాడు.

బాతు కింద పడింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మళ్ళీ నొక్కాడు. ఇంకో బాతు పడింది.

"ఏం చేసినారు భాయ్!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ముప్పై ఏళ్ళు పలకని తుపాకి! మీ చెయ్యి తగిలితే చాలు అనేది మా అమ్మ, ఊరికే కాదు."

నేను దుమ్ము తుడిచాను, అంతే. ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు. "పాత చెయ్యి కదయ్యా" అన్నాను, వాళ్ళావిడ తెచ్చిన టీ తాగాను. ఆ టీ ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది, అందుకే సిగ్గుగా ఉంటుంది.

కానీ మెకానిక్కు మనసు ఊరుకోదు. పోయిన బల్బు ఎలా వెలిగింది? తుపాకి విప్పి చూద్దామన్నాను. తిప్పి చూస్తే పిడి దగ్గర అయిదు రంధ్రాలున్నాయి, నాలుగే స్క్రూలున్నాయి. "ఎవడో చేతకాని మెకానిక్ విప్పినట్టుండాడు, ఒకటి పోగొట్టినాడు" అన్నాను. అతను నా వైపు ఒకసారి చూశాడు. లోపల ముందువైపు ఒక గాజు బిళ్ళ, దాని వెనకాల శనగగింజంత పార్టు, రెండు వైర్లు. కళ్ళజోడు మార్చి మార్చి చూశాను. అక్కడ బల్బు లేదు. పోయిన బల్బు కాదు, అసలు బల్బు పెట్టే చోటే లేదు. ఆ శనగగింజ వెలుతురు ఇచ్చేది కాదు, వెలుతురు పడితే గుర్తుపట్టేది.

"మరి కాల్చేది ఏంది భాయ్?" అన్నాడు అతను.

ఈసారి "తెలీదయ్యా" అన్నాను. ఆ మాట అనడం నాకు కొత్త.

అతను ఫోను తీశాడు. అందులో వీడియోను బాగా నెమ్మదిగా నడిపించే ఏర్పాటు ఉందట. నేను తుపాకిని మళ్ళీ బిగించి ఇచ్చాక, ఫోనును టీవీకి ఎదురుగా నిలబెట్టి ట్రిగ్గరు నొక్కాడు. తర్వాత ఆ వీడియో నాకు చూపించాడు. పిల్లలూ, నేను కొన్ని వేల టీవీలు విప్పిన వాణ్ణి. ట్యూబు వెనక నుంచి కిరణం వచ్చి తెర మీద బొమ్మను గీత గీతగా గీస్తుందని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా ఆ వీడియో చూస్తే నా ఒళ్ళు జలదరించింది. ట్రిగ్గరు నొక్కగానే ఆకాశం, చెట్లు, బాతు అన్నీ మాయమై తెర మొత్తం నల్లబడింది. మరుక్షణం బాతు ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి చదరం ఒకటి వెలిగింది. వెంటనే ఆకాశం తిరిగొచ్చింది. మన కన్ను దీన్ని పట్టుకోలేదు, కాస్త మినుకుమన్నట్టు ఉంటుంది. తుపాకి పట్టుకుంటుంది. ఆ చదరం దాని కంట్లో పడితే తగిలినట్టు, పడకపోతే తప్పినట్టు.

అంటే తుపాకి కాల్చడం లేదు. చూస్తోంది. వెలుతురు తుపాకి నుంచి టీవీకి పోవడం లేదు, టీవీ నుంచే తుపాకికి వస్తోంది. ఏ దేశంలోనో ఎవరో కూర్చుని, ఆట ఆడే బిడ్డకు తెలియకుండా, కంటికి అందనంత తక్కువ సేపట్లో ఇంత పని జరిగేలా ఆలోచించారు. నేను ఆ తుపాకిని ఒకప్పుడు చేతిలో పట్టుకుని, అదే గింజను చూసి బల్బు అన్నాను. ఆ పుణ్యాత్ములెవరో ఎదురుపడితే కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

కొత్త టీవీలు బొమ్మను పిసరంత ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి వాటి ముందు ఇది పనిచేయదని అతనే వివరించాడు. "మరి అప్పట్లో మా ఇంట్లో ఉన్నది డబ్బా టీవీనే కదా, ఎందుకు పలకలేదో," అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "అప్పుడు దానికి నీలం అద్దం కూడా ఉండేది. అమ్మ కళ్ళు లాగుతుండాయంటే మీరే తెచ్చి బిగించినారు. వెలుతురు కూడా తగ్గించినారు. అదే రోజు సాయంత్రం కదా, మా చెల్లి తుపాకి కింద పడేసింది."

నా చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను.

నీలం అద్దం అంటే ఏమిటో మీకు తెలియదు. అప్పట్లో టీవీ చూస్తే కళ్ళు పోతాయని భయం. తెర ముందు బిగించుకునే ముదురు నీలం ప్లాస్టిక్ అద్దాలు మేమే అమ్మేవాళ్ళం. పొద్దున నేను అద్దం బిగించి, వెలుతురు తగ్గించి పోయాను. బాతుల చదరం తుపాకి కంటికి ఆనకుండా పోయింది. సాయంత్రం ఎనిమిదేళ్ళ పిల్ల చేతిలోంచి తుపాకి జారింది. ఆ తర్వాత అన్న నొక్కితే బాతు పడలేదు. మర్నాడు నన్ను పిలిచారు. నేను తుపాకి విప్పి, ఏమీ అర్థం కాక, తెలీదు అనలేక, ఒక పేరు చెప్పాను.

"మీ చెల్లి ఇప్పుడు ఏం చేస్తుంటది?" అన్నాను.

"సంగం ఊళ్ళో టీచరు భాయ్. మంచి పేరుండాది. కాకపోతే మెషినంటే చాలు దూరం జరుగుద్ది. బడిలో టీవీ మాదిరి పెద్ద బోర్డు పెట్టినారు, మూడేళ్ళ నుంచి దాన్ని ముట్టుకోలా, పిల్లకాయల చేత పెట్టించుకుంటది. వచ్చే నెల నుంచి అందరూ దాని మీదనే చెప్పాలంట. చేతకాకపోతే వేరే బడికి మార్చుకుంటానని అంటుండాది." నవ్వాడు. "మీరు బల్బు అన్నారు కదా, మేము దానికి ఆ పేరే పెట్టేసినాం. నాన్నయితే, ఏ వస్తువు కాడికి పోయినా 'బల్బూ, ముట్టుకోబాక' అనేవాడు. ఇప్పటికీ నేను ఫోనులో బల్బూ అనే పిలుస్తా."

ఆ రోజు నేను అతనికి ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. తుపాకి ఎంత గొప్పదో, తెర ఎలా నల్లబడుతుందో చేతులు తిప్పుతూ వివరించాను. ఆమె అంతా విని, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, "అదంతా సరేగానీ, ఆ పిల్లకు ఎప్పుడు చెప్తుండారు?" అంది.

"ముప్పై ఏళ్ళయింది కదా. ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"తుపాకి మీరే బాగుచేసినారంటే టీ తాగినారు గదా. ఇదీ మీరే చెప్పండి."

నా అటకంతా వెతికితే పాత సామాన్ల అడుగున నీలం అద్దం ఒకటి దొరికింది. ఆదివారం చర్చి అయ్యాక చెల్లెల్ని పిలిపించమని ఆమె అన్నకు ఫోన్ చేశాను.

ఆ ఆదివారం నేను మేస్త్రి దగ్గర పనిలో చేరిన మొదటి రోజు కంటే ఎక్కువ భయపడ్డాను. ఆమె తెల్ల చీర కట్టుకుని వచ్చింది. గదిలోకి వచ్చింది కానీ అరలకు మూరెడు దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తరగతిలో పిల్లల్ని నిలబెట్టే టీచరు, ఇక్కడ తనే అలా నిలబడింది.

"బాగుండావా అమ్మా? నేను మీ టీవీ మెకానిక్‌ని."

"తెలుసన్నా. మిమ్మల్ని మర్చిపోతానా," అంది. ఆ మాట మామూలుగానే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది.

నేను మాటలతో మొదలుపెట్టలేదు. ఆట పెట్టి, అన్నను కాల్చమన్నాను. బాతులు టపటపా పడ్డాయి. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత నీలం అద్దం తీసి తెర ముందు నిలబెట్టి, వెలుతురు తగ్గించాను. "ఇప్పుడు కాల్చయ్యా." నొక్కాడు. ఒక్క బాతు పడలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. బాతులు హాయిగా ఎగిరిపోయాయి. అద్దం తీసి, వెలుతురు పెంచాను. మళ్ళీ పడ్డాయి.

"చూడమ్మా," అన్నాను. "ఈ తుపాకి ఎప్పుడూ చెడిపోలేదు. నువ్వు కింద పడేసినా దీనికేం కాలేదు. ఆ పొద్దున నీలం అద్దం బిగించింది నేను. మర్నాడొచ్చి, నాకు అర్థం కాక, నోటికొచ్చిన పేరు చెప్పిందీ నేనే. ఇందులో అసలు బల్బే లేదు. తప్పు నాది."

అన్న తుపాకి దించి చెల్లెలి వైపు చూశాడు. అతని మొహం పాలిపోయింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి, తలనొప్పి మందు చిన్న డబ్బా ఒకటి తీసింది. మూత తిప్పి నా అరచేతిలో వంచింది. చిన్న స్క్రూ ఒకటి పడింది. తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంది.

"మరి ఇదేందన్నా?" అంది. "మీరు చూసి పోయినాక మంచం కింద దొరికింది. నేను పగలగొట్టిన ముక్క ఇదేననుకున్నా. నాన్నకు చూపిస్తే ఇంకా కొడతాడని దాచిపెట్టినా. తర్వాత పారేద్దామన్నా చేతులు రాలేదు. పెళ్ళయి పోయేటప్పుడు కూడా తీసుకుపోయినా. మీరు తుపాకి బాగుచేసినారని అన్న ఫోనులో చెప్తే, ఈ ముక్క మీకవసరం పడిందేమోనని తెచ్చినా."

తుపాకి తీసుకుని తిప్పి, పిడి దగ్గర ఖాళీగా ఉన్న అయిదో రంధ్రం చూపించాను. ఆ రోజు నేను తిట్టిన చేతకాని మెకానిక్ ఎవడో ఇంక ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. నేను విప్పి, బిగించడం మర్చిపోయి, మంచం కిందికి జారవిడిచిన స్క్రూ అది. నా నిర్లక్ష్యాన్ని ఒక బిడ్డ తన తప్పనుకుని ఇన్నేళ్ళు నూనె రాసి కాపాడింది. పిల్లలూ, ఆ ఉప్పుగాలిలో మేము టీవీలను కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు.

నా చెయ్యి వణుకుతోంది. స్క్రూ రంధ్రంలో నిలవడం లేదు. రెండుసార్లు కింద పడింది. రెండుసార్లూ ఆమే తీసింది.

"నేను బిగించొచ్చా అన్నా?" అని అడిగింది. నన్ను అడుగుతూనే అలవాటుగా వాళ్ళన్న వైపు చూసింది.

"బిగించమ్మా," అన్నాను.

స్క్రూడ్రైవరు మొదట తిరగేసి పట్టుకుంది. నేను సరిచేయబోయి ఆగాను. ఆమే సరిచేసుకుంది. నెమ్మదిగా తిప్పింది. స్క్రూ ఇన్నేళ్ళ తర్వాత తన చోట్లోకి దిగుతుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. బిగిశాక ఆమె వేలితో ఒకసారి తడిమింది.

"కదలడం లేదన్నా," అంది.

అప్పుడు వాళ్ళన్న "బల్బూ" అనబోయి, సగంలో ఆపి, ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఆమె పేరు నేను మొదటిసారి వినడం అప్పుడే. "నువ్వు కాల్చు," అని తుపాకి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి గురిపెట్టింది. మొదటి బాతు తప్పించుకుంది. రెండోదీ, మూడోదీ ఎగిరిపోయాయి. ఆమె మా ఇద్దరి వైపూ తిరిగి నవ్వేసింది.

"తుపాకి బాగానే ఉండాది. నాకే గురి లేదు," అంది.